ఎగుమతి గొడుగుకు పిడి

పేము కర్రను ఆవిరిలో ఉడికించి వంచడం ఒక ఎత్తు, వంచాక పట్టుకోవడం మరో ఎత్తు. వేడి దిగకముందే చెయ్యి వదిలితే అది పడగ విప్పిన పాములా లేచి మొహాన కొడుతుంది. ఇనుప బిగింపు వేస్తే మచ్చ పడుతుంది. అందుకని మా మేనకోడలి షెడ్డులో గొడుగు పిడులను అచ్చుకు చుట్టి, తడి గోనె కట్టుకున్న చేతులతోనే అదిమి పట్టుకుంటారు. అంతసేపు ఊరికే నిలబడితే ప్రాణం విసిగిపోతుంది. కాబట్టి అక్కడ నాకూ ఒక ఉద్యోగం ఉంది. కథ చెప్పడం. నా కథ ముగిసేసరికి పేము మెడ వంచుకుని బుద్ధిగా కూర్చుంటుంది.

మా తాత దోమకు పగ్గం వేసి పొలం దున్నాడని ఒకసారి చెబితే, ఆ వంచేవాళ్లు "ఎన్ని చాళ్లు పడ్డాయి?" అని అడిగారే గానీ "దోమేమిటి?" అనలేదు. అలాంటి బంగారం లాంటి మనుషులు.

ఆ పిడులన్నీ కొనేది ఒక్కడే, గొడుగుల షావుకారు. దేశానికి లోటు పట్టుకుందనీ, కొనేది కొండంత, అమ్మేది గోరంత అయిపోయిందనీ, ఎగుమతులు పెంచాలనీ పైనుంచి కబురొచ్చినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. షావుకారు గొడుగులు ఓడలెక్కాయి. ఆయన మెడలో దండలు పడ్డాయి. తీరా చూస్తే గొడుగు గుడ్డ పరాయిది, ఊచలు పరాయివి, మీట పరాయిది. ఒక ఓడలో గొడుగు పోతుంటే ఎదురు ఓడలో దాని ఒళ్లంతా దిగుతోంది. పిడి ఒక్కటే మనది. పోయిన నెల అది కూడా పోయింది. ఎగుమతి సరుకులో వాడేదానికి సుంకం లేదట, అందుకని బయటి నుంచి ప్లాస్టిక్ పిడులు తెప్పించాడు. మా పేముకు మాత్రం అడవి దగ్గర ఒక పన్ను, లారీ దగ్గర ఇంకో పన్ను.

షెడ్డు మూతపడింది. వంచేవాళ్లు ఇటుకలు మోయడానికి పోయారు.

అలాంటిది నిన్న షావుకారు ఫోన్ చేసి, "రేపు పొయ్యి వెలిగించమ్మా, ఎగుమతుల ఆఫీసరు గారు మీ పని చూస్తారట" అన్నాడు. మా పిల్ల మొహం చూడాలి! మళ్లీ ఆర్డరు వస్తుందని ఇటుకల దగ్గరికి పరుగెత్తి, అందరినీ బతిమాలి తీసుకొచ్చింది.

ఇవాళ కారు ఆగీ ఆగకముందే షావుకారు లోపలికి వచ్చాడు.

"సార్, ఆర్డరు మళ్లీ ఇస్తారు కదా?" అని అడిగింది మేనకోడలు.

"ముందు ఫోటోలు కానీ. గొడుగులో స్థానిక సరుకు ఉందని చూపిస్తే మనకు రాయితీ."

"మనకా, మీకా?" అంది ఆవిరి పిన్ని. ఆవిరి పెట్టె చూసుకునేది ఆవిడే, అందుకే షెడ్డులో అందరికీ ఆవిరి పిన్ని. ఆ పెట్టె కన్నా ఆవిడ నోరే వేడి.

షావుకారు వాకిలి వైపు తిరిగాడు. ఇంతలో ఫోటోలవాణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసరు దిగాడు. చేతిలో షావుకారు బహుమానంగా ఇచ్చిన కొత్త గొడుగు. నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్ పిడి. మా పిల్ల దాన్ని చూసింది. పెదవి కొరుక్కుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోటోకు బాగుంటుందని ఆఫీసరుకు ఒకటి, షావుకారుకు ఒకటి, వంచిన పేములు పట్టించారు. గోనెలు కట్టారు.

"వదలకండి సార్, మొహం పగులుద్ది" అంది పిన్ని.

"ఎంతసేపమ్మా?"

"మా అన్నయ్య కథ అయ్యేదాకా."

ఆఫీసరు నవ్వాడు. "అయితే కానివ్వు తాతా!"

దొరికారు, అనుకున్నాను.

"అనగనగా ఒక రాజుకు లోటు పట్టుకుంది బాబూ. ఎగుమతి చెయ్యండిరా అన్నాడు. మంత్రి పొరుగు రాజ్యంలో గేదెను కొన్నాడు. గడ్డి అక్కడిదే, పలుపు అక్కడిదే, కొమ్ములకు రంగు అక్కడిదే. ముస్తాబు చేసి మళ్లీ వాళ్లకే తోలి, ఎగుమతి అయిందహో అని దండోరా వేయించాడు. రాజు అడిగాడు, ఇందులో మనదేముందిరా అని. మహారాజా, దారిలో వేసిన పేడ మనదే అన్నాడు మంత్రి."

వంచేవాళ్లు కిసుక్కుమన్నారు. షావుకారు మొహం మాడింది.

"మరి పేడతో సరిపెట్టుకున్నారా?" ఆఫీసరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"లేదు బాబూ. మరుసటేడు పేడ కూడా బయటి నుంచే తెప్పించారు. దాని మీద సుంకం లేదట."

ఆఫీసరు నవ్వు ఆపి షావుకారు వైపు తిరిగాడు. "పిడులు ఇక్కడివేనా?"

"అన్నీ ఇక్కడివే సార్!"

"కాదు సార్." మేనకోడలు ముందుకొచ్చింది. "మా దగ్గర ఒక్క పిడైనా కొని నెలయింది. మీరు తెచ్చిన గొడుగు చూడండి. ఈ పొయ్యి మీ ఫోటో కోసం వెలిగించింది."

  ఆఫీసరు చేతిలోని పేమును చూశాడు. ఇప్పుడు పిడుగు పడుతుందనుకున్నాను.

"చూడమ్మా" అన్నాడు నింపాదిగా. "మా ఆఫీసు లెక్క బయటికెళ్లిన సరుకు వరకే. లోపలికొచ్చింది పై అంతస్తు వాళ్లు చూస్తారు. మా అంతస్తులో అయితే ఈయన గొడుగులు బ్రహ్మాండం."

"పై అంతస్తుకు మెట్లు లేవా బాబూ?" అని అరిచాను. "ఒకే ఇంట్లో కింద దీపం పెట్టి పైన ఆర్పుతారా? బతుకంతా అబద్ధాలే చెప్పానయ్యా నేను. నా అబద్ధంతో ఒక్కరి పొయ్యి ఆరలేదు!"

"ముసలాయనా, నోరు మూసుకో!" షావుకారు నా మీదికి వేలు చూపించబోయాడు. వేలు చూపించాలంటే చెయ్యి తియ్యాలి కదా. తీశాడు. పేము ఎగిరి ఆయన గడ్డం మీద ఒక్కటి ఇచ్చుకుంది. ఆ చప్పుడు నేను చెబితే నమ్మరు, ఎదురింటి కుక్క లేచి కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. మా వంచేవాళ్లు నవ్వలేదంటే అది మామూలు కోపం కాదు.

"రేపటి నుంచి నీకు ఆర్డరు లేదు" అన్నాడు షావుకారు గడ్డం పట్టుకుని, మా పిల్ల వైపు తిరిగి.

"నెల నుంచీ లేదు సార్. కొత్తగా ఏం తీసేస్తారు?"

ఫోటోలవాడు కెమెరా ఎత్తాడు. మేనకోడలు నీళ్ల తొట్టిలో బకెట్ ముంచి పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని బూడిద, పొగ, ఆవిరి కలిసి లేచాయి. ఆఫీసరు దగ్గుతూ పేము ఎక్కడ వదలాలో తెలియక దాన్ని పట్టుకునే బయటికి నడిచాడు.

"ఫోటో రాలేదు సార్" అన్నాడు ఫోటోలవాడు.

"రాదు" అంది మా పిల్ల. "ఇక్కడ పని లేదు. లేని పనికి ఫోటో ఏంటి? నడవండి."

కారు పోయాక ఆమె తడి కట్టెలను ఒక్కొక్కటే పొయ్యిలోంచి లాగి గోడకేసి విసిరింది. పిన్ని కూడా వెళ్లి విసరసాగింది. కథ చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు.