పదకొండు అడుగులు

టైలరు తాత మా వార్డుకు తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడు. ఈ మాట ముందే రాయాలి, లేకపోతే చదివేవాళ్ళు ఆయన్ని మొదటినుంచీ మంచం పట్టిన మనిషే అనుకుంటారు. జ్వరంతో, దగ్గుతో, ఒక చెయ్యి కూతురి భుజం మీద, ఇంకో చెయ్యి గోడ మీద వేసి ఆయాసపడుతూ వచ్చాడు. చక్రాల కుర్చీ తెస్తానంటే దాని కొలతలు తనకు సరిపోవన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

ఆ ముసలివాళ్ళ వార్డులో నేను చేరి అప్పటికి మూడు నెలలు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. మా నాన్న మార్కెట్లో బస్తాలు మోస్తాడు. నా నర్సింగు పట్టా ఇంటికి వచ్చిన రోజు, చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు దాన్ని పట్టుకున్నాడు. చదవడం రాదు. అయినా చాలాసేపు చూశాడు. అందుకే నాకు తప్పు చేయడమంటే భయం. నేను తప్పు చేస్తే అది మా ఇంటిల్లిపాది తప్పవుతుందనిపించేది.

చేరిన పన్నెండో రోజున, నా డ్యూటీలో, ఒక పెద్దావిడ బాత్రూం గుమ్మం దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పెద్ద సిస్టరు నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వార్డు గుమ్మం పక్కన ఒక తెల్ల బోర్డు ఉండేది. దాని మీద 'ఎవరూ పడకుండా గడిచిన రోజులు' అని, కింద అరవై నాలుగు అని ఉంది. ఆ అంకెను నా చేతే తుడిపించి సున్నా వేయించింది. ఇకనుంచి ఈ బోర్డు నీదే అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాను. ఎవరైనా పడతారేమో అనిపిస్తే చేతికి పసుపు పట్టీ. పట్టీ ఉన్నవాళ్ళు మంచం దిగకూడదు. మంచానికి రెండు పక్కలా ఉండే కమ్మీలు ఎప్పుడూ పైకే. బాత్రూంకు బదులు మంచం మీదే బెడ్‌పాన్. నీళ్ళు, కళ్ళజోడు, పేపరు, అన్నీ చేతికందేంత దూరంలో. నేనేదో ఘనకార్యం చేస్తున్నాననే అనుకున్నాను. బోర్డు మీద అంకె రోజుకొకటి చొప్పున పెరుగుతుంటే, పరీక్షలో మార్కులు పెరుగుతున్నట్టే ఉండేది.

టైలరు తాతకు చేరిన పూటే పట్టీ వేశాను. వయసుకు ఇన్ని మార్కులు, ఆయాసానికి ఇన్ని, చూపు తగ్గినందుకు ఇన్ని అని ఫారంలో కూడితే ఎర్ర గీత దాటాడు. ఆయన ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, అంచు మడవకుండా వదిలేశాడమ్మా ఎవడో బద్ధకస్తుడు అన్నాడు. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా యూనిఫారం ఎడమ భుజం అరంగుళం దిగిందట. పెద్ద సిస్టరు గారిది మాత్రం కొలతల్లో వంక పెట్టలేమనీ, కుట్టినవాడు ఆవిడకు భయపడి కుట్టాడనీ అన్నాడు. పక్క మంచం మీద నోరు మెదపని రిటైర్డు డ్రైవరు కూడా నవ్వాడు.

ఆయన పెద్దకూతురు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. పొద్దున ఏడింటికి వెళితే సాయంత్రం నాలుగుకు వస్తుంది. ఆవిడా, నాన్నా, రెండు గదులు. అంతే సంసారం. యాభై దాటినావిడ. జుట్టుకు వేసుకున్న ఫ్యాక్టరీ టోపీ గుర్తు నుదుటి మీద చెరగకుండానే నాలుగున్నరకల్లా వార్డులో ఉండేది. తండ్రి గోళ్ళు తీసేది, తల దువ్వేది. ఆయన పేపర్లో ఉన్న బొమ్మల బట్టలకు వంకలు పెడుతుంటే, మీరొక్కరే ఈ లోకంలో సరిగ్గా కుట్టారు లెండి నాన్నా అని దెప్పేది.

ఎనిమిదో రోజుకు జ్వరం దిగింది. అప్పుడే డాక్టరు గారు ఆవిడతో మాట్లాడారు. మీరు పనికి వెళ్ళాక ఆయన ఎవరి సాయమూ లేకుండా లేచి బాత్రూంకు వెళ్ళి రాగలిగితే ఇంటికి తీసుకెళ్ళండి, లేకపోతే ఒంటరిగా వదలడం ప్రమాదం, ఏదైనా వృద్ధాశ్రమం చూసుకోవాలి అన్నారు. ఆవిడ తల ఊపింది. మర్నాడు వచ్చి నాతో చెప్పింది.

"మా ఇంట్లో మంచం దగ్గర్నుంచి బాత్రూంకి పదకొండు అడుగులు, సిస్టర్ గారూ. నా అడుగులు కాదు. నాన్న వేసినట్టు చిన్నచిన్నగా వేసి చూశాను."

ఆశ్రమం అనే మాట తాత చెవిన పడింది. ఆ రోజు జోకులు లేవు. సాయంత్రం నన్ను పిలిచి, తనకు పెద్ద కోరికలేవీ లేవని చెప్పాడు. వాళ్ళింటి గుమ్మంలో ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే ఆ వీధిలో వచ్చేపోయేవాళ్ళు సగం మంది ఆయన కుట్టిన బట్టలు వేసుకున్నవాళ్ళో, వాళ్ళ పిల్లలో. ఆగి ఒక మాట మాట్లాడతారు. ఆ కుర్చీలోకి వెళ్ళిపోతే చాలన్నాడు. తప్పకుండా వెళతారు తాతగారూ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు కాస్త ముందుగా డ్యూటీకి వచ్చాను. తాత మంచం ఖాళీగా ఉంది. చూస్తే వరండా చివర, కిటికీ దగ్గర, మా ఆయమ్మతో నిలబడి ఉన్నాడు. ఆయమ్మ ఆ వార్డులో ఇరవై రెండేళ్ళుగా పక్కలు మారుస్తోంది. పక్క మార్చే నెపంతో ఆయన్ని లేపి, ఆయన చెయ్యి తన మోచేతికి తగిలించుకుని, రోజూ ఆ చివరిదాకా నడిపించి తెస్తోందట. ఒక్క ఆయన్నే కాదు, డ్రైవరునూ, ఇంకో ఇద్దరినీ కూడా. వాళ్ళందరికీ చేతికి పట్టీలున్నాయి.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. ఆయన్ని వెనక్కి తెచ్చి పడుకోబెట్టి కమ్మీలు ఎత్తాను. ఆయమ్మను పక్కకు పిలిచి, పడితే ఎవరిది బాధ్యత అని అడిగాను. ఆవిడ దుప్పటి మడత పెడుతూ, గొంతు పెంచకుండా అంది.

"నడిచేవాణ్ణి పడుకోబెడితే కాళ్ళు మరిచిపోతాయి సిస్టరమ్మా. మీ పుస్తకాల్లో రాయలేదా?"

రాసి ఉంది. మూడో సంవత్సరం పుస్తకంలో, కుడివైపు పేజీలో ఉంది. మంచం మీద గడిచే ప్రతి రోజూ ముసలి ఒంట్లో కండ కరిగిస్తుందని, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టాలని, నడిపించాలని. నేను ఆ పేరా కింద గీత గీసుకున్నాను. పరీక్షలో పదిహేను మార్కులకు అదే ప్రశ్న వస్తే పద్నాలుగు తెచ్చుకున్నాను. కానీ ఆ పొద్దున నాకు ఆ పేజీ గుర్తు రాలేదు, సున్నా గుర్తొచ్చింది. చదువుకోని మనిషి నాకు పాఠం చెప్పడమేమిటన్న పొగరు కూడా కొంచెం ఉంది. దాచను. రిజిస్టర్లో 'నిబంధన పాటించలేదు' అని రాసి సంతకం పెట్టాను. రెండు రోజుల్లో ఆయమ్మను బట్టల స్టోరుకు మార్చారు. వెళ్ళేముందు మంచం మంచానికీ తిరిగి అందరికీ చెప్పి వెళ్ళింది. నా దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత తాతకు మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి మూత్రంలో ఇన్ఫెక్షను. మరో రెండు వారాలు. వ్యాయామం చేయించే డాక్టరు నాలుగు వార్డులకు ఒక్కడే. వారానికి రెండుసార్లు వచ్చి, కాళ్ళు రెండు నిమిషాలు ఆడించి, తొందరగా వెళ్ళిపోయేవాడు. మిగతా టైమంతా తాత నా చేతుల్లో ఉన్నాడు. నేను ఆయన్ని అరచేతుల్లో పెట్టుకుని చూశాను. వీపున పుండు పడనివ్వలేదు, ఒక్క పూట మందు తప్పనివ్వలేదు. మొదట్లో రోజుకు పదిసార్లు, కాసేపు దిగుతానమ్మాయ్ అని అడిగేవాడు. తర్వాత రోజుకు ఒకసారి అడిగాడు. తర్వాత అడగలేదు. అలవాటు పడ్డాడు, బుద్ధిమంతుడు అనుకున్నాను. ఛార్టులో 'రోగి సహకరిస్తున్నారు' అని రాశాను.

ఆ వారంలోనే బోర్డు మీద వంద పడింది. సూపరింటెండెంటు గారు వచ్చి అందరి ముందూ నాతో చెయ్యి కలిపారు. నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు మెచ్చుకున్నారని అడిగితే, ఎవరూ పడకుండా చూసుకున్నందుకు అన్నాను. ఆయనకది బాగా అర్థమైంది. బస్తా పడకుండా మోయడం లాంటిదేగా అన్నాడు.

మూడు రోజుల తర్వాత తాతను నడిపించి చూశారు. కూతురు ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు, బొత్తాలన్నీ తనే పెట్టుకున్నాడు. వ్యాయామం డాక్టరు కమ్మీలు దించి లేవమన్నాడు. లేవడానికే మూడుసార్లు పట్టింది. మూడోసారి మంచం అంచు పట్టుకుని నిలబడ్డాడు. పంట్లాం లోపల కాళ్ళు వణకడం గుడ్డ మీద కనిపిస్తోంది. నెలలోనే ఆ పంట్లాం ఎంత వదులైపోయిందో నేను అప్పుడు చూశాను. ఒక అడుగు వేశాడు. ఇంకోటి. కూతురి పెదవులు కదిలాయి, లెక్కపెడుతోంది. మూడో అడుగుకు మోకాళ్ళు మడతపడ్డాయి. నేనూ డాక్టరూ చెరో చంకలో చేతులు వేసి పట్టుకున్నాం.

పడలేదు. నా వార్డులో ఎవరూ పడలేదు.

ఆయన మంచం మీద కూర్చుని చాలాసేపు రొప్పాడు. అందరూ తన వైపే చూస్తున్నారని గ్రహించి, సూది బానే ఉంది సార్, దారమే ఎక్కట్లేదు అన్నాడు. ఇంకో నెల రోజూ వ్యాయామం చేయిస్తే ఏమైనా ఉంటుందేమోనని డాక్టరు గొణిగాడు. ఆ నెలకు ఆస్పత్రిలో మంచం లేదు. ఇంట్లో పగలు చూసే మనిషి లేరు.

కూతురు వరండాలోకి వెళ్ళి నిలబడింది. వెనకే వెళ్ళాను. చూద్దామండీ, ధైర్యంగా ఉండండి అనొచ్చు. ఎలా అనాలో మాకు నేర్పిస్తారు కూడా. అనలేకపోయాను. ఆయమ్మ నడిపించడం, నేను ఆపించడం, రిజిస్టర్లో రాయడం, అంతా వరసగా చెప్పాను. వచ్చినప్పుడు మీ నాన్నగారు నడిచేవారు, నేను నడవనివ్వలేదు అన్నాను.

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పు లేదు. తల దించుకుని తన చేతులు చూసుకుంటూ అంది.

"నేనే కదా సిస్టర్ గారూ అడిగాను. చేర్పించిన రోజు మీ చెయ్యి పట్టుకుని, నాన్నని పడనివ్వకండి అన్నాను."

నాకది గుర్తే లేదు. అందరూ అడుగుతారు ఆ మాట. తర్వాత ఆవిడ, ఇది మీ పెద్దవాళ్ళకు చెప్పారా అని అడిగింది. లేదన్నాను. చెప్పండి అని, ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. తండ్రి పక్కన కూర్చుని ఆశ్రమం సంగతి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డం పడకుండా అంతా విన్నాడు. ఆ కుర్చీ మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు అన్నాడు.

పెద్ద సిస్టరుకు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నది. అంతా అయ్యాక, నడిపిస్తే పడి ఉంటే అని మాత్రం అడిగింది. ఆయమ్మను వెనక్కి పిలిపించమని, డ్రైవరు గారిని రేపటినుంచి మేమిద్దరం చెరోపక్క పట్టుకుని నడిపిస్తామని అడిగాను. రాతపూర్వకంగా ఇమ్మంది. రాసిచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆశ్రమం వాళ్ళు వ్యాను పంపారు. కూతురు సంచీ సర్దింది. మంచం నుంచి స్ట్రెచరు మీదికి మార్చడానికి నేను ఆయన దగ్గరికి వెళ్ళి వంగాను. వచ్చిన రోజు చక్రాల కుర్చీ కూడా వద్దన్న మనిషి, నేను ఏమీ చెప్పకముందే, రెండు చేతులూ పైకి చాపి నా మెడ చుట్టూ వేశాడు. ఎంత బరువు ఉండాలో అంత లేడు. ఎత్తాను.