నలభై ఏడో నంబరు గొడుగు

బుధవారం కాబట్టి నలభై ఒకటి నుంచి అరవై దాకా. పెద్దక్క అద్దాల బీరువా తాళం తీసి, గొడుగుల్ని ఒక్కొక్కటిగా రెండు చేతులతో బయటికి తీస్తోంది. విప్పి, కాసేపు గాలికి ఉంచి, మెత్తని కుంచెతో మడతల్లో దుమ్ము దులిపి, ఊచల కీళ్ళకు చుక్క నూనె పట్టించి, మళ్ళీ ముడిచి లోపల పెట్టాలి. వారానికోసారైనా విప్పకపోతే గుడ్డ మడతల దగ్గర చిట్లిపోతుంది. మొత్తం నూట ఇరవై గొడుగులు, రోజుకు ఇరవై, వారానికి ఆరు రోజులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని ఇదే. ఇవాళ్టితో సరి, రిటైరవుతోంది.

ఈ గొడుగుల మ్యూజియం పెట్టినాయన ఓ బట్టల వ్యాపారి. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. కుక్క కోసం కుట్టించిన గొడుగుంది. చుట్ట కాల్చేవాడి కోసం, పొగ పోయేలా నడినెత్తిన కన్నం ఉన్న గొడుగుంది. పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలు చెరొకటి పట్టుకోవడానికి రెండు పిడుల గొడుగుంది. ఎండ కాస్తే ఇక్కడ ఈగలు తోలుకోవాలి. వాన పడితే మాత్రం వీధిలో జనమంతా లోపలికి పరిగెత్తుకొస్తారు.

“గొడుగు లేనివాళ్ళేనక్కా మనకి మహారాజ పోషకులు,” అంటాడు టికెట్టాయన. ఈ మాట అతను వాన పడ్డ ప్రతిసారీ అంటాడు. ఆమె ప్రతిసారీ నవ్వుతుంది.

ఇవాళ పొద్దున నుంచీ ముసురు. అతను ఆ మాట అన్నాడు కానీ ఆమెకు నవ్వు రాలేదు. బల్ల కింద ఆమె సంచిలో నిన్న బజారులో కొన్న కొత్త నల్లగొడుగు ఉంది. సాయంత్రం జనం వెళ్ళిపోయాక దాన్ని బీరువాలో పెట్టి, నలభై ఏడో నంబరును ఇంటికి తీసుకుపోవాలి. దొంగతనమని ఎవరైనా అంటే అనొచ్చు. ఆమె లెక్కలో అది దొంగతనం కాదు. ఆ గొడుగు ఆమె మొగుడిది.

చీటీ మీద మాత్రం “ఓడ కెప్టెన్ గొడుగు” అని ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ కింద అది నిజమే. అప్పుడూ ఇలాంటి ముసురే. కెప్టెన్ గొడుగు వసారాలో గాలికి ఆరబెట్టి ముడిచి లోపలికి తెస్తుంటే, గుమ్మం దగ్గర ఓ ముసలాయన కాలుజారి పడ్డాడు. చేతిలో ఉన్నదాన్ని పక్కనే ఉన్న సందర్శకుల గొడుగుల స్టాండులో గుచ్చి, ఆమె ఆయన్ని లేపడానికి పరిగెత్తింది. ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి మొగుడు వచ్చింది సరిగ్గా అప్పుడే. వస్తూ తన గొడుగు అదే స్టాండులో పెట్టాడు, పోతూ నల్లగా కనబడ్డదాన్ని తీసుకుపోయాడు. వంతెన మీద ఈదురుగాలి దాన్ని లాక్కుని కాలవలో పడేసింది.

ఆ హడావిడిలో ఆమె స్టాండు సంగతే మరిచిపోయింది. మర్నాడు చూస్తే అందులో మిగిలింది మొగుడి గొడుగు. పిడి మీద ఆ గాడి ఇంకెవరి గొడుక్కి ఉంటుంది? కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో వీధి వీధీ తిరుగుతూ, దాన్ని సైకిలు హ్యాండిలుకు తగిలించి తగిలించి తెచ్చుకున్న గాడి అది. ఆలోచించకుండా దాన్ని బీరువాలో పెట్టి, గాడి గోడవైపు తిప్పి, తాళం వేసేసింది. అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

విషయం చెబితే మొగుడు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. “అయితే నేనిప్పుడు కెప్టెన్నన్నమాట!” అన్నాడు. ఆ తర్వాత రోజూ ఇంటికొస్తూనే, “కెప్టెన్ వచ్చాడు, టీ ఏదీ?” అని కేకేసేవాడు. ఏడేళ్ళ కింద రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశాడు. చొక్కాలు ఎవరికో ఇచ్చేశారు, సైకిలు అమ్మేశారు. ఇంట్లో తలుపు వెనక గొడుగు తగిలించే మేకు మాత్రం అలాగే ఉంది. దానికి ఆమె చేతిసంచి కూడా తగిలించదు. బుధవారం బుధవారం ఆ పిడిని పట్టుకుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. రేపట్నుంచి ఆ బుధవారం కూడా లేదు.

మధ్యాహ్నం మ్యూజియం అధికారిణి ఓ పెద్దావిణ్ణి నడిపించుకుంటూ వచ్చింది. ఈ అధికారిణి నిరుడే ఉద్యోగంలో చేరిన చిన్నపిల్ల.

“అక్కా, ఈవిడ కెప్టెన్‌గారి మనవరాలు. చూపు సరిగా ఆనదట. నలభై ఏడు ఓసారి చేతికిద్దామా?”

ఇన్నాళ్ళూ లేనిది, పోయేరోజున పట్టుబడతానా అనుకుంటూ పెద్దక్క గొడుగు తీసి ఇచ్చింది. డెబ్భై దాటిన ఆవిడ గుడ్డ తడిమింది, ఊచలు తడిమింది, పిడి చుట్టూ వేళ్ళు తిప్పింది. వేళ్ళు గాడి దగ్గర ఆగాయి.

“ఇదిగో! ఓడలో కమ్మీకి తగిలించేవాడమ్మా తాతయ్య. దానికే ఇలా అరిగింది. రోడ్డు మీద నాకు చెయ్యి ఇచ్చేవాడు కాదు, నా చిటికెన వేలు ఇందులో పెట్టుకుని పక్కన నడవమనేవాడు.” ఆవిడ చిటికెన వేలు గాడిలో పెట్టి చూసుకుంది. సరిపోయింది. “నేనింత పెరిగినా ఇది నన్ను మరిచిపోలేదు చూశావా!”

పెద్దక్కకు ఒక్కసారి ఒళ్ళు మండింది. అది ఓడ కమ్మీ కాదు, సైకిలు హ్యాండిలు. తాతయ్య కాదు, నా మొగుడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, పిడి చెంపకు ఆనించుకుని ఉంది. పెద్దక్క కూడా ఎవరూ చూడనప్పుడు సరిగ్గా అలాగే ఆనించుకునేది.

“ఇన్నాళ్ళూ ఈ గాడి గోడవైపు ఉండి నేనే చూడలేదండీ,” అంది అధికారిణి.

“అయ్యో, గోడవైపు ఎందుకు తిప్పి పెట్టారమ్మా? నలుగురూ చూడాల్సింది అదే కదా.”

“తెలీక పెట్టానమ్మగారూ,” అంది పెద్దక్క.

“నెలకోసారి వస్తాను. కాసేపు ముట్టుకోనిస్తారా?”

అధికారిణి పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క తలూపింది.

అయిదింటికి జనం వెళ్ళిపోయారు. టికెట్టాయన తలుపు దగ్గరికి వచ్చి, వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

“అక్కా, అయిదు నిమిషాలు నేనిటు తిరగను. నీ పని నువ్వు చూసుకో.”

“ఏం పని?”

“ఆ రోజు స్టాండు నా బల్ల పక్కనే కదా ఉంది. బావ ఏది పెట్టాడో, ఏది తీసుకెళ్ళాడో నేను చూడలేదనుకున్నావా? పంతొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్నాను. తీసుకెళ్ళు.”

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బీరువా తెరిచింది. ఒక చేతిలో పాతది, ఒక చేతిలో కొత్తది. కొత్తదాని పిడి నున్నగా ఉంది. వచ్చే నెల ఆ పెద్దావిడ వేళ్ళు దాని చుట్టూ తిరుగుతాయి, గాడి కోసం వెతుకుతాయి, దొరకదు. ఆ ముఖం ఎలా ఉంటుందో పెద్దక్కకు బాగా తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అద్దంలో అదే ముఖం చూసుకుంది.

కుంచెతో పాతదాన్ని ఇంకోసారి దులిపి లోపల పెట్టి, తాళం వేసింది.

అధికారిణి గదిలోకి వెళ్ళి తాళంచెవుల గుత్తి ఇచ్చింది. “బుధవారం మరిచిపోకమ్మా. నలభై ఏడుకి రెండో ఊచ మహా మొండిది. బలవంతం చేస్తే తెరుచుకోదు, బతిమాలాలి.”

గుమ్మం దగ్గర కొత్త గొడుగు విప్పింది. బిగుసుకుపోయి, రెండుసార్లు నొక్కితే గానీ తెరుచుకోలేదు. టికెట్టాయన దాన్ని, ఖాళీ సంచిని మార్చి మార్చి చూశాడు.

“అదేంటక్కా, తీసుకెళ్ళలేదేం?”

“కెప్టెన్‌కి ఇంకా డ్యూటీ ఉంది తమ్ముడూ.”

ఆమె వానలోకి దిగి, వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచింది. లోపల బీరువాలో నలభై ఏడో నంబరు గొడుగు పిడి ఈవైపుకి తిరిగి ఉంది, ఒక చిటికెన వేలు పట్టేంత గాడి అద్దంలోంచి స్పష్టంగా కనబడుతూ.