పదకొండున్నరకు రెండు ఉత్తరాలు

పార్టీ ఆఫీసులో టైపిస్టంటే ఉత్తరాలు కొట్టడమే కాదు, వచ్చిన కాగితాన్నీ వెళ్లే కాగితాన్నీ వేళతో సహా రిజిస్టరులో ఎక్కించాలి. ఆమెకు ఆ పని ఇప్పించింది మేనమామ, పార్టీ కార్యదర్శి. చేర్చిన రోజున ఆయన చెప్పింది ఒకటే, ఈ పుస్తకంలో అబద్ధం ఎక్కకూడదని. ఆమె ఆ మాట నిజంగానే నమ్మింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఉదయం అధ్యక్షుడు పిలిచి, అవినీతిపరుడంటూ కార్యదర్శిని బహిష్కరించే ఉత్తరం కొట్టించాడు. ఆమె సంతకమైన కాగితంతో బయటికి వచ్చేసరికి, సంగతి ముందే పసిగట్టిన మామయ్య రాజీనామా పట్టుకుని ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పార్టీలో నీతి చచ్చిపోయిందట, అందుకని తనే వెళ్లిపోతున్నాడట. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

బహిష్కరణ నిన్ననే వెళ్లినట్టు రాయమన్నాడు అధ్యక్షుడు. రాజీనామా మొన్ననే అందినట్టు రాయమన్నాడు మామయ్య. గెంటించుకోవడం వేరు, తనంతట తాను వెళ్లడం వేరు కదా, రేపు పేపర్లో పరువంతా ఆ తేదీ మీదే. ఒకరు జీతమిచ్చే మనిషి, ఇంకొకరు ఎత్తుకుని పెంచిన మనిషి. పైగా ఇద్దరూ నీతి కోసమే అంటున్నారు. అసలు నీతి ఎవరిదో ఆమెకు ఒక పట్టాన అంతుపట్టలేదు. చివరికి రెండూ ఈ రోజే, పదకొండున్నరకే అని ఎక్కించేసింది. మామయ్య ముఖం చూస్తే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం పెద్దలెవరో కలగజేసుకున్నారు. మూడింటికి ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని బయటికి వచ్చారు. ఉత్తరాలు రెండూ చింపేశారు. ఎవరూ ఎవరికీ ఏమీ రాయలేదు, అసలు గొడవే జరగలేదు. హమ్మయ్య అనుకుంది పిచ్చిది. రిజిస్టరులో ఆ పేజీ కూడా చింపారు. ఇక మిగిలింది, దాన్ని రాసిన మనిషి.

"ఇంకో ఉత్తరం కొట్టాలమ్మా," అన్నాడు అధ్యక్షుడు కాస్త ఇబ్బందిగానే. "నిన్ను పనిలోంచి తీసేస్తున్నట్టు."

ఆమె వేళ్లు అలవాటుగా తేదీ కొట్టాయి, తన పేరు కొట్టాయి. కారణం దగ్గర ఆగిపోయాయి.

"ఏం తప్పు చేశానని రాయను మామయ్యా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగింది.

మామయ్య అధ్యక్షుడి వైపు చూశాడు, అధ్యక్షుడు మామయ్య వైపు చూశాడు.

"నువ్వే ఏదో ఒకటి రాసెయ్ తల్లీ," అన్నాడు మామయ్య. "నువ్వు రాస్తే అందరూ నమ్ముతారు."