బాతులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు

మా ఇంట్లో మామయ్యగారు ఓడిపోగా చూసినవాళ్లు లేరు. క్యారమ్స్ ఆడినా, చదరంగం ఆడినా, బయట వాన ఎప్పుడు వెలుస్తుందని పందెం కాసినా ఆయనదే గెలుపు. ఆయన చెప్పిన వేళకి వాన వెలవకపోతే, ఇది వాన కాదు నాన్నా, ఉత్త తుంపర అని మావారు సర్దేస్తారు. ఆయన ఆడింది ఆట, పాడింది పాట.

ఒక్కసారి ఓడిపోతే కొంప మునుగుతుందా అని మీరడగవచ్చు. మునుగుతుంది. ఆయన అలుగుతారు. భోజనం ముట్టరు, గోడవైపు తిరిగి పడుకుంటారు, ఇల్లంతా మునివేళ్ల మీద నడవాలి. ఆ బాధ పడలేక మా అత్తయ్య ఎప్పుడో ఈ పద్ధతి పెట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నాకు ముందుగా చూపించింది ఉప్పు డబ్బా ఎక్కడుందో కాదు, ఎలా ఓడిపోవాలో. మరీ త్వరగా ఓడిపోకూడదట, అనుమానం వస్తుందట. గెలుస్తామేమో అన్నంత దూరం వెళ్లి, అక్కడ చెయ్యి జారవిడవాలట. వంట కూడా నాకు ఇంత శ్రద్ధగా నేర్పలేదు.

ఇలాంటి కొంపలో పుట్టింది మా ఉడత. దానికి ఆరేళ్లు. అసలు పేరు వేరే ఉంది గానీ, దొరికినదల్లా ఎక్కడో దాచి, దాచిన చోటు మరచిపోకుండా తెచ్చిస్తుంది కనుక అందరం ఉడతా అనే పిలుస్తాం. మావారి తాళంచెవులు కనపడకపోయినా, అత్తయ్య చెవిదిద్దు ఒకటి తప్పిపోయినా దాన్నే అడుగుతాం. అలాంటి పిల్లకి ఏదీ గుర్తుండటం లేదని బడి నుంచి కబురొచ్చింది. ఏమడిగినా నోరు విప్పదట. ఒకటో తరగతికి పంపాలా, ఇంకో ఏడాది చిన్న తరగతిలోనే కూర్చోబెట్టాలా, ఇంట్లో ఆలోచించుకుని సోమవారం చెప్పమన్నారు.

నాకు ఒళ్లు మండింది. తోటిపిల్లలందరూ పైకి వెళ్లిపోతే, ఇది చంటిపిల్లల మధ్య తల వంచుకుని కూర్చోవాలా? ఆలోచించేదేముంది, పైకే పంపుదామన్నాను. మావారు మాత్రం నాన్ననొక మాట అడుగుదామన్నారు. మావారు లిఫ్టులు బాగుచేస్తారు. అంతస్తుల మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లని పైకి లాగుతారు గానీ, తండ్రి మాట దాటి ఒక్క మెట్టు ఎక్కలేరు.

మామయ్యగారు ఉద్యోగమంతా పరీక్ష హాళ్లలో పర్యవేక్షకుడిగా చేశారు. వరసల మధ్య తిరుగుతూ పక్కచూపులు చూసేవాళ్లని పట్టుకోవడం ఆయన వృత్తి. రిటైరయ్యాక ఆ హాలు కాస్తా మా ఇంట్లోకి వచ్చింది. పిల్లను తానే పరీక్షిస్తాననీ, ఆదివారం మధ్యాహ్నం అందరూ హాజరు కావాలనీ చెప్పారు. దేనితో పరీక్ష అంటే, పుట్టినరోజుకి దానికెవరో ఇచ్చిన బొమ్మల అట్టల పెట్టెతో.

అందరూ ఎరిగిన ఆటే అది. ఒక్కో బొమ్మకీ రెండేసి అట్టలుంటాయి. అన్నీ కలిపేసి బల్ల మీద బోర్లా పరచాలి. వంతు వచ్చినవాళ్లు రెండు అట్టలు తిప్పి అందరికీ చూపించాలి. రెండూ ఒకటే బొమ్మయితే ఆ జత వాళ్లది, ఇంకోసారి ఆడొచ్చు. కాకపోతే ఎక్కడివక్కడే మళ్లీ బోర్లా పెట్టేసి వంతు పక్కవాళ్లకి వదలాలి. ఏ బొమ్మ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే ఆటంతా. అట్టలు అయిపోయాక ఎవరి దగ్గర ఎక్కువ జతలుంటే వాళ్లు గెలిచినట్టు. నాలుగేళ్ల పిల్లలు కూడా ఆడొచ్చని పెట్టె మీదే రాసి ఉంది.

మామయ్యగారికి అది చాలలేదు. కళ్లజోడు పెట్టుకుని మూతమీది నియమాలు పైకి చదివి, వీటిలో లోపాలున్నాయన్నారు. స్కేలు పెట్టి అట్టల వరసలు సరిచేశారు. ఆట పెద్దవాళ్లతో మొదలవ్వాలన్నారు. పెద్దవాళ్లకి సందేహం వస్తే మూడో అట్ట కూడా తిప్పి చూసుకోవచ్చట, దాన్ని పునఃపరిశీలన అంటారట. మాట్లాడకూడదు, దిక్కులు చూడకూడదు, మంచినీళ్లు అడగకూడదు. ఈ ఇంట్లో పెద్దవాళ్లంటే ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆట మొదలయ్యాక తెలిసింది అసలు చిక్కు. ఆయనకి గెలవాలని ఉంది గానీ ఏదీ గుర్తుండదు. మాకు అన్నీ గుర్తున్నాయి గానీ గెలవకూడదు. క్యారమ్స్‌లో ఓడిపోవాలంటే వేలు కాస్త వంకరగా పెడితే చాలు. ఈ ఆటలో అలా కుదరదు, ఆదమరిస్తే జత పడి కూర్చుంటుంది. పడకుండా ఉండాలంటే ఏది ఎక్కడుందో మొత్తం కంఠస్థం కావాలి. మావారు పడవ తిప్పి, రెండో పడవను జాగ్రత్తగా దాటుకుని గొడుగు తిప్పేవారు. నేను గొడుగు తిప్పి పుట్టగొడుగు తిప్పేదాన్ని. అత్తయ్య గడియారం తిప్పి, నాలుక కరుచుకుని, బాతు తిప్పేది. మామయ్యగారు పట్టిన కుందేలునే మళ్లీ మళ్లీ పట్టుకుంటున్నారు. పొద్దు వాలుతోంది, బల్ల మీద అట్టలు తగ్గడం లేదు. చిన్నపిల్లలు పావుగంటలో ముగించే ఆటను ముగ్గురు పెద్దవాళ్లం కలిసి అడ్డుపడి ఆపుతున్నాం.

చివరికి అత్తయ్యే దారి చూపింది. ఆయన చెయ్యి సరైన అట్ట మీదికి రాగానే ఆవిడకు దగ్గొచ్చేది. చెయ్యి దాటిపోతే దగ్గు ఆగేది. ఉద్యోగమంతా పక్కచూపులు పట్టుకున్న మనిషికి ఈ దగ్గు మాత్రం వినపడలేదు. జత పడినప్పుడల్లా, చూశారా, మనిషికి ఏకాగ్రత ఉండాలి అనేవారు. మేము తలలూపేవాళ్లం.

ఉడత బల్ల అంచుకి గడ్డం ఆనించి, అందరి చేతులూ చూస్తూ కూర్చుంది. దాని వంతు వచ్చినప్పుడల్లా ఒక్క జత తియ్యవే తల్లీ అని కళ్లతోనే బతిమాలాను. అది కుందేలు తిప్పి పడవ తిప్పింది. బాతు తిప్పి గొడుగు తిప్పింది. ఆట ముగిసేసరికి మామయ్యగారి ముందు గుట్ట ఉంది, మా ముగ్గురి ముందూ పరువు కోసం తలా ఒక జత ఉంది. దాని ముందు బల్ల చెక్క తప్ప ఏమీ లేదు.

మామయ్యగారు కోప్పడలేదు. జాలిపడ్డారు, అదే పుండు మీద కారం. చూసింది పిల్ల బుర్రలో నిలవడం లేదనీ, ఇంకో ఏడాది కింద కూర్చుంటే పునాది గట్టిపడుతుందనీ తేల్చేశారు. మావారు సరేనన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను.

నాలుగు తగిలిద్దామన్నంత కోపంతోనే వెళ్లాను. బాతులు ఎక్కడెక్కడ ఉండేవో నీకు నిజంగానే గుర్తులేదా అని అడిగాను.

"ఒకటి తాతయ్య మోచెయ్యి దగ్గర, ఇంకోటి నాన్న తాళాల పక్కన," అంది. అక్కడితో ఆగకుండా పడవలూ, కుందేళ్లూ, గడియారాలూ ఎక్కడెక్కడున్నాయో గడగడా అప్పజెప్పింది.

"మరి తియ్యలేదేమే?"

"నువ్వూ తియ్యలేదుగా అమ్మా. నీకూ తెలుసుగా."

బడిలో కూడా ఇంతేనా అని అడిగాను. ఏం చెబుతుందోనని భయమేసింది.

"మా క్లాసులో కూడా ఒక తాతయ్య ఉన్నాడమ్మా. మొదటి బెంచీలో కూర్చుంటాడు. వాడికంటే ముందు ఎవరైనా చెబితే అలుగుతాడు. అందుకని నేను చెప్పను."

మంచిపని చేసినట్టు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేమెవ్వరమూ దాన్ని కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంటి విద్యంతా అదే పట్టేసుకుంది. ఆ క్షణంలో మామయ్యగారి మీద కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేసింది.

తిరిగి వచ్చి అట్టలన్నీ కలిపి మళ్లీ పరిచాను. స్కేలు తీసి కిటికీలో పెట్టాను. ఫలితాలు వచ్చేశాక మళ్లీ పరీక్షేమిటన్నారు మామయ్యగారు.

"ఈసారి పెట్టె మీద రాసినట్టే ఆడదాం మామయ్యగారూ," అన్నాను. "అందరికీ ఒకటే రూలు."

మొదటి రెండు చుట్లూ ఎవరికీ ఏమీ పడలేదు. ఆ తర్వాత నా వంతు రాగానే గడియారాల జత తీశాను. వెంటనే పుట్టగొడుగులు తీశాను, ఆపైన పడవలు. నేను మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. ఏ మాత్ర ఏ అరలో ఉందో తల తిప్పకుండా తీసిస్తాను, ఈ అట్టలెంత నాకు. మావారు బల్ల కింద నా కాలు తొక్కారు. నేనూ తొక్కాను, మడమతో. అత్తయ్య దగ్గలేదు. మామయ్యగారి మొహం కందగడ్డలా అయింది.

నాలుగోసారి నాకు జత కుదరలేదు, తర్వాతి వంతు ఉడతది. బాతును తిప్పింది. రెండో అట్ట కోసం లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తాతయ్య మొహం చూసింది, నా మొహం చూసింది.

"తెలిస్తే తియ్యి," అన్నాను.

తీసింది. రెండో బాతు. ఆ వెనకే కుందేళ్లు తీసింది, గొడుగులు తీసింది. ఆట ముగిసేసరికి బోసి బల్ల మామయ్యగారి వంతయింది. తలనొప్పిగా ఉందని లేచి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

పిల్ల బెదిరిపోయింది. తన జతలన్నీ పోగుచేసుకుని, తలుపు కింద సందులోంచి తాతయ్యకి తోసేసి వస్తానంది. నేను దాని రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను. అత్తయ్య వైపు చూడటానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ ఏళ్ల తరబడి కాపాడుకొచ్చిన ప్రశాంతతను ఒక్క పూటలో చెడగొట్టాను మరి.

అత్తయ్య ఆ మూసిన తలుపు వంక కాసేపు చూసింది. లేచింది, బతిమాలడానికి వెళ్తుందనుకున్నాను. వెళ్లి మామయ్యగారి కుర్చీలో కూర్చుంది.

"మళ్లీ పరచమ్మాయ్," అంది. "ఒక్కసారి నన్నూ దగ్గకుండా ఆడనివ్వండి."

ఆవిడ మమ్మల్ని చిత్తుచిత్తుగా ఓడించింది. ఒకసారి కంటపడిన అట్టను రెండోసారి వెతుక్కోలేదు. ఊహ తెలిశాక అమ్మ గెలవడం చూడలేదంటూ మావారు నోరు తెరుచుకుని కూర్చుండిపోయారు. ఉడత తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్న బాతుల జతని కూడా ఆవిడే లాగేసుకుంది. పిల్ల భోరుమంది. అవి నావి, నేను తీద్దామనుకున్నా, నాకు ముందే తెలుసు అని రెండు చేతులా బల్ల బాదింది. నా కూతురు ఏదైనా తనకు కావాలని ఏడవడం అదే మొదలు. నాకు ప్రాణం లేచివచ్చింది. సోమవారం బడిలో ఏం చెప్పాలో ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు.

పోనీ ఇచ్చెయ్యమ్మా, చిన్నపిల్ల కదా అన్నారు మావారు. గదిలోంచి కాఫీ ఏదని కేక వినపడింది. అత్తయ్య కొడుకు మాటా వినలేదు, ఆ కేకకీ లేవలేదు. అరచేత్తో పిల్ల బుగ్గలు తుడిచి, అట్టలు కలపడం మొదలుపెట్టింది.

"ఏడిస్తే ఇవ్వను. కావాలంటే నన్ను ఓడించి తీసుకో," అంది.