రెండులో సగం

రెండును సగం చెయ్యడానికి పరదేశి ముందు చేతులు కడుక్కున్నాడు. కూజా నీళ్లు వేళ్ల మీంచి జారిపోయాయి గానీ, కుడి బొటనవేలి మీది సిరా మరక కదల్లేదు. ఏళ్ల నాటి మరక, పుట్టుమచ్చతో సమానం. కాగితాల మీద వంగి వంగి వెన్ను కొడవలైపోయింది. ముక్కు కొసన చెమటబొట్టు పడనా వద్దా అని వేళ్లాడుతోంది.

పేరు పరదేశి, అనకాపల్లి దాటి ఎరగడు. ఉద్యోగం కంప్యూటరు. ఆ రోజుల్లో కంప్యూటరంటే మనిషే: అన్నం తినేది, దగ్గేది, సెలవడిగితే చీవాట్లు తినేది. జమీందారీలు పోయాక చుట్టుపక్కల ఊళ్లు కొలవడానికి చోడవరంలో ఓ పెంకుటింట్లో సర్వే ఆఫీసు దిగింది. గొలుసుతో కొలిచి తెచ్చిన చెరకు తోటలకీ వరి మళ్లకీ విస్తీర్ణం కట్టడం అతని పని. టెంపరరీ. టెంపరరీవాడికి టెంపరు ఉండకూడదు గనక అదీ లేదు.

ఆ ఆఫీసులో ఒక కట్టడి ఉంది. లెక్క కట్టేవాడు వెనక పేజీ చూడకూడదు. చూడ్డం తనిఖీవాడి పని.

ఏడేళ్ల కిందట, 1950లో, పర్మినెంటు చెయ్యమని అడిగిన పరదేశికి హెడ్డు గణపతిరావు అందరి ముందూ ఒక లెక్క ఇచ్చాడు. సరిసంఖ్య అయితే సగం చెయ్యాలి. బేసి అయితే అయిదింతలు చేసి ఒకటి కలపాలి. ఒకటి వచ్చేదాకా అంతే. మూడుతో చేసి చూపించాడు: పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి.

"సూసేవా, అయిదు మెట్లు. నీకు ఏడు ఇస్తన్నాను. రోజుకో మెట్టే, అదీ బోజనాలప్పుడే. ఒకటొచ్చిన్నాడు నీ పేరు పైకి రాస్తాను."

గుమాస్తాలు నవ్వారు. ఏడుతో రెండు కాగితాలు నింపి, అది పెరగడమే గానీ తరగడం లేదని గణపతిరావు ముందే చూసుకున్నాడు.

ఏడుతో ఎత్తుకున్న లెక్క ఏడేళ్లు నడిచింది; ఏడవడానికి తీరిక చిక్కలేదు. సంఖ్య అరవై మూడు అంకెలకు పాకింది. వచ్చే నెలకి పరదేశికి యాభై అయిదు నిండుతాయి. ఈలోగా పర్మినెంటు కాకపోతే పింఛను లేదు, తనకీ, చూపు సన్నగిల్లిన భార్య నూకరత్నానికీ.

నిరుడు గట్టు తగువు పని మీద వాల్తేరు నుంచి వచ్చిన లెక్కల లెక్చరరు వేంకటరమణమూర్తి ఆ పుస్తకాలు తిరగేశాడు.

"ఇది ఆగుతుందో లేదో నాకు తెలీదండీ. లెక్క ఏదిచ్చినా సరే, ఆగుతుందా ఆగదా అని ముందే చెప్పెయ్యగల సూత్రం ఉండనే ఉండదని పైదేశంలో రుజువు చేశారు."

"అయితే ఇది ఆగదని కూడా ఎవరూ సెప్పనేరు కదా బాబూ," అన్నాడు పరదేశి.

లెక్చరరు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

పద్నాలుగు పనిరోజుల కిందట పరదేశి జ్వరంతోనే ఆఫీసుకొచ్చి, నిండిన పుస్తకం పక్కన పెట్టి కొత్తది తెరిచాడు. ఆ రోజే సంఖ్య మూడంకెలకు దిగింది. అరవై మూడు అంకెలది మూడంకెలదైతే ఎవడైనా ఉలిక్కిపడతాడు. పరదేశి దండం పెట్టుకున్నాడు. వెనక పేజీ చూడకూడదన్న కట్టడి మొదటిసారి అతనికి వరంలా కనిపించింది.

ఇవాళ రెండు. సగం చేశాడు.

గణపతిరావు పెరుగన్నం కలుపుతున్నాడు.

"వచ్చీసింది బాబూ."

"ఏటొచ్చింది, మళ్లీ జొరమా?"

"ఒకటి."

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. మాట తప్పితే పరువు పోతుంది. నిలబెట్టుకుంటే సిఫార్సు రాయాలి. ఆ చేత్తో ఎన్నడూ రాయని రాత అది. గణపతిరావు చెయ్యి కడుక్కుని "తనిఖీ అవనీ," అన్నాడు.

పావుగంట పట్టింది. పాత పుస్తకం ఆఖరి పేజీలో అరవై అంకెలు పై వరుసలో ఉన్నాయి. చోటు చాలక చివరి మూడూ కింద పడ్డాయి: 152. కొత్త పుస్తకంలోకి ఆ మూడే ఎక్కాయి.

"ఒరే పరదేశీ, అరవై అంకెలు ఏ సంతలో పారీసేవురా?"

"కోటపాడు సంతలో ఎతికితే దొరుకుతాయేమో సార్," అన్నాడో గుమాస్తా. పెంకులు ఎగిరేలా నవ్వారు.

గణపతిరావు రూళ్లకర్ర పెట్టి పద్నాలుగు మెట్లకీ ఎర్ర సిరాతో గీత కొట్టాడు, గీతగీతకీ సంతకం, తేదీ. ప్రతి గీతనీ బ్లాటింగు పేపరుతో అద్దింది పరదేశే.

"మరి నా పేరు బాబూ?"

"రూలు నీకు తెలీదేటి? తప్పెక్కడో మళ్లీ అక్కణ్నించే. ఇవాల్టి మెట్టు కొట్టీసేను కాబట్టి, ఇంకోటి చేసుకో, పో."

"ఆ లెక్చరరు బాబు సెప్పేడు, ఆగదని ఎవరూ..."

"ఆగుద్దిలేరా. నువ్వు బతికుండగా అని ఎవడు సెప్పేడు?"

పరదేశి తన బల్ల దగ్గరికి వచ్చి అరవై మూడు అంకెలూ ఒక్కొక్కటే వేలు పెట్టి ఎత్తి రాశాడు. ఎడమ నుంచి సగం చెయ్యడం మొదలుపెట్టాడు. ముప్పై ఒకటో అంకె దగ్గర చెయ్యి ఆగింది. ఆలోచిస్తున్నాడనుకున్నారు. నాలుగింటికి ఫైలు కోసం వచ్చిన బంట్రోతు దాసు భుజం తట్టేసరికి తల పుస్తకం పక్కకి ఒరిగింది. బండి కట్టి శవాన్ని అతని ఊరు రోలుగుంట పంపించారు. టెంపరరీవాడు పోతే ఆఫీసుకి సెలవుండదు. అయిదింటి దాకా పొలాల లెక్కలు కట్టారు.

అందరూ వెళ్లాక పుస్తకం మూసెయ్యడానికి వచ్చిన గణపతిరావు నిలబడే చూశాడు. ముప్పై ఒక్క అంకెలు, మిగులు ఒకటి. కాసేపటికి కూర్చున్నాడు. పక్కనున్న పరదేశి కలం తీసి మిగతా సగం పూర్తి చేశాడు. చివర డెబ్బై ఆరు వచ్చింది. సరిసంఖ్య. మళ్లీ సగం చేశాడు. ఎనభై ఎనిమిది. అదీ సరిసంఖ్యే. ఇక చాలని లేచి, కలానికి మూత పెడదామని బల్లంతా వెతికాడు, కిందికి వంగి చూశాడు. మూత పరదేశి చొక్కా జేబుకి తగిలించి ఉండగానే బండెక్కి వెళ్లిపోయింది. బల్ల మీద మూత లేని కలం మాత్రం ఉంది, పాళీ కొసన సిరా తడి ఇంకా ఆరలేదు.