మరియమ్మగారి దిగులు బరువు

మరియమ్మగారు ఎక్కిన ఆటోలో ఇంకెవరూ ఎక్కరు. ఆవిడ బక్కపలచని మనిషే, బరువంతా ఆవిడ దిగులుది. తాడేపల్లిగూడెంలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, ఆటో వెనక్కి కుంగగానే డ్రైవరు "సర్దుకుని కూర్చోండమ్మా" అని బయల్దేరతాడు.

తల్లి పోయిన రోజు మాత్రం ఆ బరువు కొంప ముంచింది. మరియమ్మగారు ఎక్కిన బస్సు కమాను కట్టలు విరిగి దారిలోనే ఆగిపోయింది. భూస్థాపనకు అందలేకపోయింది. కొల్లేటి గట్టు మీదుండే అన్న తోమా ఆనాటి నుంచీ ఆవిడతో మాట్లాడలేదు. ఈ మధ్య ఆయన మంచం పట్టి లేచాడని కబురొచ్చింది. అన్నను చూడాలని మరియమ్మగారికి అన్నం సయించడం లేదు.

కూతురు జాయ్సీ స్కూలు టీచరు. ఇక లాభం లేదని రెండు పడకలూ ఒక స్టవ్వూ పట్టే చిన్న క్యాంపర్ బండి ఏలూరులో చేయించి, దాన్ని తన మినీ వ్యానుకు తగిలించే ఇనప బారు కోసం అక్కడే శ్రీరంగనాయకులుగారి షాపుకు తల్లితో సహా వచ్చింది.

"అన్నిటికన్నా లావుపాటి బారు ఇవ్వండి," అంది.

"బారు ఎంత మోస్తుందని కాదండీ, మీ వ్యాను ఎంత లాగుతుందని చూసుకోవాలి. ఆ బారునీ వ్యానే మొయ్యాలి గదండీ," అన్నాడాయన. "బండి ఎంత, సామాను ఎంత, అమ్మగారి దిగులు ఎంత?"

మూడూ ఒక్క గొంతుతోనే అడిగాడు.

పక్కనే లారీల కాటా ఉంది. వ్యానునీ, దాని వెనకే తోసుకొచ్చిన క్యాంపర్‌నీ ఎక్కించారు. మరియమ్మగారు ముందు సీట్లో కూర్చోగానే అంకె ఎగబాకింది. వ్యాను ఇంత లాగలేదన్నట్టు నాయకులుగారు తల అడ్డంగా ఊపాడు. జాయ్సీకి ప్రాణం ఉసూరుమంది.

"ఏవండీ, దారిలో ఆ బండి ఊడిపోతేనో?" కిటికీలోంచి అడిగింది మరియమ్మగారు.

"రెండు గొలుసులు బారు కింద ఒకదాన్నొకటి దాటించి కడతామండీ. ఊడినా బండి ముక్కు నేలకు తగలనివ్వవు."

అంకె దిగింది. అందరూ చూశారు.

"వెనకనుంచి వచ్చి మన మీద పడితేనో?"

"దానికీ బ్రేకు పెడతానండీ. వ్యాను ఆగితే అదీ ఆగుతుంది."

మళ్లీ దిగింది. కాటా దగ్గరి హమాలీలు టీ గ్లాసులు పక్కన పెట్టి మూగారు.

"పాములా అటూ ఇటూ ఊగితేనో?"

"బరువు సామాను ఇరుసుకు కాస్త ముందు సర్దుకోండి. ఊగదు."

ఇంకా దిగింది గానీ, కావలసినదానికి కొద్దిలో ఆగిపోయింది.

"ఇంకా ఏం భయమమ్మా?" అంది జాయ్సీ.

మరియమ్మగారు తల వంచుకుంది. "నన్ను చూసి అన్నయ్య మొహం తిప్పుకుంటే?"

నాయకులుగారు పాపం షాపు అరలన్నీ కలయజూశాడు. దానికి సామాను లేదు.

"తిప్పుకోనీ," అంది జాయ్సీ, తల్లి చెయ్యి పట్టుకుని. "ఈ బండి ఎందుకు చేయించాననుకున్నావు? ఆయన గుమ్మం ముందే పెట్టుకుందాం. అక్కడే వండుకుందాం, అక్కడే పడుకుందాం. తిప్పుకున్న మొహం మళ్లీ ఇటు తిరిగేదాకా కదలొద్దు."

మరియమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంకె గబగబా జారింది.

"మధ్యరకం బారు చాలండీ!" అని కేక పెట్టాడు నాయకులుగారు. హమాలీలు ఈలలు వేశారు.

కైకలూరు దాటాక గట్టు రోడ్డు వానకు ముద్దయిపోయింది. చేపల మేత లారీలు ఇరుసుల దాకా దిగబడి ఉన్నాయి. జాయ్సీ బ్రేకు మీద కాలు వేసింది.

"ఆపకే, పోనీ!" అంది తల్లి.

వ్యానూ, వెనక క్యాంపరూ ఆ బురద మీద అంగుళమైనా దిగబడకుండా సాగిపోయాయి. జాయ్సీ ఉండబట్టలేక "హల్లెలూయా!" అని అరిచింది. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టి సాగనంపారు.

బండి గుమ్మం ముందు ఆగగానే తోమా కిటికీలోంచి చూసి, చెల్లెల్ని గుర్తుపట్టి, తలుపు వేసుకున్నాడు.

జాయ్సీ ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. వ్యాను రవ్వంతైనా కుంగలేదు. మరియమ్మగారు తాపీగా దిగి, స్టవ్వు వెలిగించి, కైకలూరులో కొన్న కొర్రమీనుతో పులుసు పెట్టింది. మెంతులు వేగిన వాసన గుమ్మం దాకా వెళ్లింది.

పులుసు దించేవేళకు తలుపు తెరుచుకుంది. తోమా చేతిలో రెండు కంచాలున్నాయి. ఒకటి చెల్లెలికిచ్చాడు.

"అమ్మ తిన్న కంచం. ఇన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు," అన్నాడు. "ఇందులో తిను, మరియా."