ఎడిత్ రొట్టె

సమాధిరాయిని మెత్తని బ్రష్‌తోనే కడగాలి. నీళ్లు పోసి కాసేపు ఆగితే నాచు తనంతట తనే వదులవుతుంది. తడి రాతి మీద అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఎడిత్, 1878. కింద, వరదలో ఆమె చంకన ఉన్న చంటిదాని పేరు. పక్క రాయి ఆమె భర్తది. ఆయన ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్లు బతికాడు.

చక్రాల కుర్చీలోంచి చూస్తున్న ఆడ్రీకి ఎనభై ఎనిమిది. ఎడిత్ ఆమె ముత్తవ్వ. వృద్ధుల హోమ్‌లో ఆడ్రీకి స్నానం చేయించేది నేనే. ఆమె కొడుకులకు తీరిక లేదు కాబట్టి, నా సెలవు శనివారాన, మా ఆయన యెహెజ్కేలు కారులో తీసుకొచ్చాం. ఆయన కారు తలుపు తెరిచి, సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.

గుంటూరులో నేను నర్సుని. ఈ దేశంలో మళ్లీ నర్సు కావాలంటే హామిల్టన్ నగరంలో ఉండి ఎనిమిది వారాల కోర్సు చేయాలి. రెండుసార్లు సీటొస్తే రెండుసార్లూ ‘వచ్చే ఏడాది చూద్దాంలే మణీ’ అన్నారాయన. మూడోసారి వచ్చింది. వస్తానో రానో ఈ సాయంత్రంలోగా మెయిల్ పెట్టాలి. చర్చిలో మాత్రం ఆయన మాట వేరు. ‘మా మణికే ఇష్టం లేదు ఆంటీ, పాప లవ్లీని వదిలి ఉండలేనంటుంది.’ ఆంటీలు నన్ను మెచ్చుకున్నారు. వినగా వినగా ఆ మాట నేనే అన్నట్టు గుర్తుండసాగింది. అన్నప్పుడు నా చేతిలో ఏ గిన్నె ఉందో కూడా.

“పైన లోయలో నరికిన దుంగల్ని నీళ్లతో కిందికి వదలడానికి చెక్క ఆనకట్ట కట్టారు,” ఆడ్రీ చెబుతోంది. “వానలకు అది తెగింది. అందరూ గుట్టెక్కేశారు, ఎడిత్ కూడా. పొయ్యిలో రొట్టె మాడిపోతుందని మళ్లీ దిగిందట, మహాతల్లి. మా ఇంట్లో ఎవరైనా గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్తే ‘ఎడిత్ రొట్టె’ అంటాం.”

యెహెజ్కేలు నవ్వారు. “మా ఆవిడా అంతే. తాళం వేశాక స్టవ్ చూడ్డానికి మూడుసార్లు వెళ్తుంది.”

చంటిదాన్ని చంకనేసుకుని రొట్టె కోసం ఎవరైనా దిగుతారా?

“ఈ సంగతి ఎవరు చెప్పారు ఆడ్రీ?”

“మా ముత్తాత చెప్పిందే ఇంట్లో అందరం చెప్పుకుంటాం. గుట్ట మీద ఆమె పక్కన ఉన్నది ఆయనొక్కడే కదా.” అని ఆమె ఆగిపోయింది. ఆ వాక్యాన్ని తనే మొదటిసారి విన్నట్టు.

చెట్ల వెనక వాగు పారుతోంది. ఆ చప్పుడులో నా కళ్ల ముందు ఎడిత్ గుట్ట దిగుతోంది, తొందర లేకుండా, నిద్రలో నడుస్తున్నట్టు. వెనకే నేనూ దిగుతున్నాను. రొట్టె వాసన కోసం ఊపిరి పీల్చాను. తడిమట్టి వాసనే వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి. ఆమె మాట నన్ను చేరేలోగా పైనుంచి ఒక మగగొంతు, నిదానంగా, ఆమె ఏమంటోందో నాకు వివరిస్తోంది.

“నీ కోర్సు ఎప్పుడు మణీ?” ఆడ్రీ అడిగింది.

జవాబు యెహెజ్కేలు ఇచ్చారు, ఇంగ్లీషులో, ఎంతో ప్రేమగా. “ఈసారి కూడా తనకి మనసొప్పడం లేదు. పాపని వదిలి ఉండలేనంటోంది.”

“నేనలా అనలేదు,” అన్నాను. ఇంగ్లీషులోనే, ఆడ్రీకి అర్థమయ్యేలా.

ఆయన తెలుగులోకి మారారు. “ఇక్కడెందుకే ఇదంతా? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. పొద్దున్నే దానికి జడ ఎవరేస్తారు?”

చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. వస్తున్నానని రాసి పంపాను.

“మీరేస్తారండీ,” అన్నాను. “చర్చిలో అడిగితే, వెళ్తానని తనే అంది అని చెప్పండి.”